నా వ్యాసం మీద నేనే గెలిచిన కేసు

మొదటి కేసు ఓడిపోయిన వకీళ్ళు ఎక్కడ చూసినా కనిపిస్తారు. వాళ్ళకి నా సానుభూతి. నేను మాత్రం నా మొదటి కేసు గెలిచాను. గెలిచిన మర్నాటి నుంచి రెండు నెలలపాటు ఒడిశాలోని మా బరంపురం కోర్టులో వకీళ్ళు కూర్చునే బార్ గదిలోకి ముందు గుమ్మంలోంచి వెళ్ళలేకపోయాను. అంత ఘనంగా గెలిచాను. ఆ ఘనకార్యం ఎలా జరిగిందో ఇప్పుడు చెబుతాను. నవ్వదలుచుకున్నవాళ్ళు మొహమాటం లేకుండా నవ్వండి, నాకు అలవాటైపోయింది.

అప్పటికి నాకు ఇరవై ఆరేళ్ళు. గేట్ బజార్లో మాది పప్పుల టోకు దుకాణం. మూడు తరాలుగా మా ఇంట్లో కందిపప్పుని తప్ప మరో శాస్త్రాన్ని ఎవరూ పట్టించుకోలేదు. అలాంటి ఇంట్లో పుట్టి న్యాయశాస్త్రంలో పెద్ద చదువు చదివేశానేమో, న్యాయం, హక్కు అనే మాటలు నా నోట్లోంచి వస్తుంటే నాకే ఒళ్ళు పులకరించేది. వినేవాళ్ళకి ఏమయ్యేదో నేను గమనించలేదు.

చదువుకునే రోజుల్లోనే ఇంగ్లీషులో ఒక వ్యాసం రాశాను. దాని పేరు తెలుగులో చెప్పాలంటే "దారి హక్కు: జనం మాట, చట్టం మాట". పొలానికి వెళ్ళే దారి మీద హక్కు కావాలంటే కాగితం చూపించాలి గానీ, తాతల నాటి నుంచి నడుస్తున్నామని నలుగురు ముసలివాళ్ళు చెబితే కోర్టులు నమ్మకూడదని అందులో తేల్చేశాను. "పల్లెటూరి జ్ఞాపకం సాక్ష్యం కాదు, అలవాటుగా చెప్పే కథ" అని ఒక వాక్యం కూడా పడింది. అది రాసిన రోజు అద్దంలో నన్ను నేను రెండుసార్లు చూసుకున్నాను. ఒక్క సంగతి మనవి చేసుకుంటాను. అప్పటికి నేను జీవితం మొత్తంలో పొలం గట్టు మీద నడిచిన దూరం సున్నా అడుగులు.

ఎవరూ చదవని ఒక పత్రిక దాన్ని అచ్చు వేసింది. నేను విడిగా, అట్ట వేసిన చిన్న పుస్తకంలా, ముప్పై కాపీలు వేయించుకున్నాను. మొదటి కాపీ మా నాన్న చేతిలో పెట్టాను. ఆయన పేజీలు తిరగేసి, అడుగున చిన్న అక్షరాల్లో ఉన్న పాదసూచికల దగ్గర ఆగారు.

"ఏట్రా ఇది? పైనున్న సరుకు కన్నా కిందున్న సరుకెక్కువున్నాది?"

"అవి ఆధారాలు నాన్నా. మొత్తం డెబ్బై నాలుగు. ఎవరెవరు ఏం చెప్పారో అన్నీ ఇచ్చాను."

"అన్నీ ఆళ్ళే సెప్పీసినాక, మద్దిన నువ్వు సెప్పిందేటి?"

పప్పులవాళ్ళకి పరిశోధన ఏం అర్థమవుతుందని జాలిపడి, మిగతా కాపీలు పట్టుకుని బార్ గదికి వెళ్ళాను. ఒక్కొక్క కాపీ మీద సంతకం పెట్టి, తప్పించుకు పారిపోతున్నవాళ్ళని కూడా వెంటపడి మరీ పంచాను. నలభై ఏళ్ళుగా ప్రాక్టీసు చేస్తున్న జగ్గారావు గారి కాపీ మీద మాత్రం "పూజ్యులకు, ఆశీస్సులు కోరుతూ, మీ సింహాచలం" అని ప్రత్యేకంగా రాశాను. ఒకప్పుడు నల్లగా ఉండేదని ప్రతీతి ఉన్న కోటు వేసుకుని, ఆయన దాన్ని కళ్ళద్దాల దగ్గరగా పెట్టుకుని చూశారు.

"సదువుతాను బావూ. ఇలాటివి జాగ్రత్తగా అట్టిపెట్టుకోవాల. ఏ రోజు పనికొస్తాదో తెలీదు."

దాన్ని నేను ఆశీర్వాదం అనుకున్నాను.

నెల తిరక్కుండా నా దగ్గరికి గురమ్మ వచ్చింది. పురుషోత్తంపూర్ వెళ్ళే రోడ్డులో ఒక పల్లె ఆమెది. అరవై ఏళ్ళ మనిషి, మా దుకాణంలో బస్తాలు ఎత్తే మనిషికి పెద్దమ్మ. నా మొట్టమొదటి క్లయింటు. కుర్చీ చూపిస్తే కూర్చోకుండా, సంచీలోంచి నవనవలాడే వంకాయలు తీసి టేబిలు మీద పెట్టింది.

"వకీలు బావూ, మా మరిది దారికి అడ్డంగా ముళ్ళకంచె ఏసీసినాడు."

"ఏ దారికమ్మా?"

"నా వంకాయ తోటకి ఎల్లే దారి. ఆడి పొలం గట్టు మీద నుంచే ఎల్లాల. ఇంకో పక్కన కాలవ. మరి దారి లేదు."

"కాగితం ఉందా?"

"దేనికి బావూ?"

"దారికి."

గురమ్మ నన్ను అయోమయంగా చూసింది. "దారికి కాగితమేటి? నడుస్తాం."

కాపు ముమ్మరంగా ఉందని, రోజు విడిచి రోజు కొయ్యకపోతే కాయ ముదిరిపోతుందని, బుట్ట నెత్తిన పెట్టుకుని కాలవ దాటడం కుదరదని చెప్పింది. "ఇంటిల్లిపాదికీ ఆ తోటే ఆదారం బావూ. మరో పదేను రోజులిలాగే ఉంటే తోటని ఒగ్గీసుకోవడవే."

ఇంత జరుగుతున్నా నీకు నీ వ్యాసం గుర్తుకు రాలేదా అని మీరు అడగొచ్చు. వచ్చింది. కానీ ఒక పల్లెటూరి వంకాయల కేసుకి అంతటి వ్యాసంతో పనేముంటుందిలే అనుకున్నాను. నా చదువు ఒక వైపు, నా క్లయింట్లు మరో వైపు హాయిగా బతకొచ్చని అప్పట్లో నా నమ్మకం.

దావా వేశాను. కేసు తేలేదాకా దారి వదిలిపెట్టమని ఇంజంక్షన్ ఉత్తర్వు అడిగాను. అవతలి పక్షానికి వకీలు జగ్గారావు గారు. కోర్టులో మాటలన్నీ ఒడియాలోనూ ఇంగ్లీషులోనూ నడిచాయి, మీ కోసం తెలుగులో చెబుతున్నాను. జడ్జి మేడమ్ నెమ్మదైన మనిషి. "అర్జెంటు అంటున్నారు కదా, రెండు నిమిషాల్లో చెప్పండి" అన్నారు.

రెండు నిమిషాల్లో నేను ఇంకా గుహల్లో ఉన్న మానవుడి దగ్గరే ఉన్నాను. అక్కణ్ణుంచి సమాజం పుట్టింది. సమాజంలోంచి న్యాయం పుట్టింది. న్యాయానికి ఎన్ని నిర్వచనాలున్నాయో చెప్పి, ఒక్కొక్కటీ ఎందుకు చాలదో చెప్పాను. నలభై నిమిషాలు గడిచాయి. ఫ్యాను తిరుగుతోంది, టైపిస్టు నిద్రపోయాడు, నేను హక్కులు ఎన్ని రకాలో చెప్పడం అప్పుడే మొదలుపెట్టాను.

"దారి ఎప్పుడొస్తుంది?" అని మేడమ్ అడిగారు.

"అక్కడికే వస్తున్నాను మేడమ్."

"నా ఉద్దేశం, ఈ కేసులోకి ఎప్పుడొస్తుంది అని."

జగ్గారావు గారు లేచి వినయంగా వంగారు. "నాకేమీ అభ్యంతరం లేదు మేడమ్. కుర్రాడు బాగా మాట్లాడుతున్నాడు. మరో గంట ఇవ్వండి." మేడమ్ గడియారం చూసుకుని, మిగతా వాదన పది రోజుల తరవాత వింటానని వాయిదా వేశారు. ఆయన క్లయింటుకి కావలసింది సరిగ్గా అదే. నేను కష్టపడి సంపాదించిపెట్టాను.

బయటికి వచ్చాక గురమ్మ అంది: "బాగా సెప్పినావు బావూ. నా వంకాయల సంగతెప్పుడు సెప్తావు?"

మూడో రోజు మళ్ళీ వచ్చింది. ఈసారి టేబిలు మీద నాలుగే వంకాయలు పెట్టింది. పసుపు తిరిగి, గింజ పట్టి, చేత్తో నొక్కితే లోపలికి దిగడం లేదు.

"కంచె సందులోంచి సెయ్యి పెడితే అందినియ్యివే. మిగతావి సెట్టు మీదే ఇలగయిపోతన్నాయి. ఓపాలి వచ్చి కళ్ళతో సూడు బావూ."

కొత్త బూట్లు వేసుకుని స్కూటరు మీద వెళ్ళాను. కంచె దగ్గరికి వెళ్ళగానే గురమ్మ చీర కుచ్చెళ్ళు ఎగదోపుకుని కాలవలోకి దిగిపోయింది. "రా బావూ, మోకాల్లోతే" అంది. అది ఆమె మోకాలో ఎవరి మోకాలో నాకు తెలీదు, నాకు మాత్రం నడుము దాకా వచ్చింది. బూట్లు ఒక చేత్తో, ఫోను ఒక చేత్తో పైకెత్తి పట్టుకుని, నాలోని హక్కుల పండితుణ్ణి ఆమె వెనకాల బురదలో ఈడ్చుకుంటూ వెళ్ళాను.

అవతల గట్టెక్కాక, కంచెకి లోపల, మరిది గట్టు పక్కనే ఒక రాయి కనిపించింది. గుండెల ఎత్తున నిలువుగా పాతి ఉంది.

"ఇదేంటమ్మా?"

"బుట్ట దింపుకునే రాయి. ఒంటిగా ఒస్తే నెత్తి మీద బరువు దింపీవోరుండరు కదా. దీని మీదకి జరిపీసి, రవ్వంత ఊపిరి పీల్చుకుని, మళ్ళీ ఎత్తుకుంటాం. మాయత్త పాతించింది. నాను కాపరానికొచ్చినప్పటికే ఉంది."

రాయి మీద చెయ్యి వేసి చూశాను. పైభాగం అరిగిపోయి, అరచేతికి నున్నగా తగిలింది. ఒక ఆడమనిషి పెళ్ళయి వచ్చిన దగ్గర్నుంచి, ఆమెకి ముందు ఆమె అత్త, రోజూ బుట్టలు దింపితే అరిగిన రాయి. నా డెబ్బై నాలుగు ఆధారాల్లో నేను చేత్తో తాకి చూసినది ఒక్కటీ లేదు. నాకు సిగ్గేసింది. వేళాకోళానికి అనడం లేదు, నిజంగానే సిగ్గేసింది. ఫోనుతో ఫొటోలు తీసుకుని, మళ్ళీ అదే కాలవలోంచి వచ్చి, ఊళ్ళో గురమ్మ ఎదురింటి ముసలాయన చేత ఆ దారి తాతల నాటిదని ప్రమాణపత్రం రాయించుకున్నాను.

వాయిదా రోజు వచ్చింది. ఈసారి గుహలు లేవు, మానవుడు లేడు, అయిదు నిమిషాల్లో చెప్పాల్సింది చెప్పి కూర్చున్నాను. మేడమ్ కలం తీశారు కూడా. అప్పుడు జగ్గారావు గారు లేచి, గుడ్డ సంచీలోంచి ఒక పుస్తకం తీశారు. అట్ట చూడగానే గుర్తుపట్టాను, నేను వేయించిన ముప్పై కాపీల్లో ఒకటి.

"మేడమ్, నా అంతట నేను చెప్పేదేమీ లేదు. ఒక మహా మేధావి నా వాదనంతా ముందే రాసి పెట్టారు. చదువుతాను." ముసలివాళ్ళ మాట నమ్మకూడదన్న పేరా చదివారు. పల్లెటూరి జ్ఞాపకం కథ అన్న వాక్యాన్ని రెండుసార్లు చదివారు, రెండోసారి రాగం తీసి.

"ఎవరు రాశారు?" అన్నారు మేడమ్.

"అట్ట మీద పేరుంది. లోపల సంతకం కూడా ఉంది మేడమ్."

మేడమ్ పుస్తకం చూశారు. నా వకాల్తా కాగితం చూశారు. తరవాత నన్ను చూశారు.

"ఈ సింహాచలం గారు మీకు తెలుసా?"

"కొద్దిగా పరిచయం ఉంది మేడమ్."

వెనక బెంచీల్లో వకీళ్ళు ఒకళ్ళ మీద ఒకళ్ళు పడి నవ్వుతున్నారు. మేడమ్ మాత్రం నవ్వలేదు. "ఈయన రాసింది సరైనదైతే మీకు ఇంజంక్షన్ రాదు. సరైనది కాకపోతే ఎందుకు కాదో చెప్పండి. రెండింట్లో ఒకటే."

వెనక్కి తిరిగి చూశాను. గురమ్మకి ఒడియా వచ్చు గానీ ఇంగ్లీషు రాదు. ఆ పుస్తకంలో ఏముందో పక్కన ఎవరో చెప్పినట్టున్నారు. ఉన్నచోటే లేచి నిలబడి, తెలుగులో, గేట్ బజార్ దాకా వినిపించేటట్టు అడిగింది:

"ఎవడు బావూ ఆ రాసినోడు? ఆడెప్పుడైనా నెత్తిన బుట్టెత్తినాడేటి?"

డెబ్బై నాలుగు పాదసూచికల్లో దానికి జవాబు లేదు. నేను మేడమ్ వైపు తిరిగాను. "నా క్లయింటు అడిగిన ప్రశ్నతోనే మొదలుపెడతాను మేడమ్. ఈ రచయిత ఏనాడూ బుట్ట ఎత్తలేదు. అసలు పొలమే చూడలేదు."

"మీకెలా తెలుసు?"

"నమ్మకమైన సమాచారం ఉంది మేడమ్."

ఒకసారి మొదలుపెట్టాక ఆగలేదు. ఎవరి మీదా రానంత కోపం నాకు ఆ రచయిత మీద వచ్చింది. ఆయన గది తలుపు వేసుకుని రాశాడన్నాను. కాగితాలున్నవాళ్ళ హక్కుల గురించి కాగితాలున్నవాళ్ళ కోసమే రాశాడన్నాను. "పన్నెండో పాదసూచిక చూడండి మేడమ్. ఆ పుస్తకం ఆయన చదవనే లేదు."

"అది మాత్రం మీకెలా తెలుస్తుంది?"

"ఆయనకి లైబ్రరీలో దొరకలేదు మేడమ్."

"అభ్యంతరం!" జగ్గారావు గారు బల్ల చరిచారు. "కోర్టులో లేని పెద్దమనిషిని ఇలా అవమానించడం అన్యాయం!"

చివరికి రాయి ఫొటో మేడమ్ ముందు పెట్టాను. ఆవిడ దాన్ని చాలాసేపు చూశారు. ఆ మధ్యాహ్నమే ఉత్తర్వు వచ్చింది: కేసు తేలేదాకా కంచె తీసి దారి వదలాలి. గురమ్మ గెలిచింది. అంతటితో ఆగితే బాగుండేది. ఉత్తర్వులో ఇంకో వాక్యం కూడా ఉంది: "సదరు వ్యాసకర్తకు విషయ పరిజ్ఞానం బొత్తిగా లేదని వాది తరఫు న్యాయవాది సందేహానికి తావు లేకుండా నిరూపించారు, ఈ కోర్టు వారితో పూర్తిగా ఏకీభవిస్తోంది." వాది తరఫు న్యాయవాది పేరు సింహాచలం. వ్యాసకర్త పేరు సింహాచలం. రెండు పేర్లూ పూర్తిగా, ఇంటిపేర్లతో సహా టైపు చేశారు. నేను ఇంటికి చేరేలోగా అది బార్ వాట్సాప్ గ్రూపులో, ఆ వాక్యం కింద ఎర్రగీతతో సహా, తిరుగుతోంది.

మెట్ల మీద గురమ్మకి ఉత్తర్వు చదివి వినిపించాను. ఆ వాక్యం దాటెయ్యాలని చూశాను గానీ, కాలవలో నడిచిన మనిషి ముందు నోరు రాలేదు. "ఆ రాసినోణ్ణి నేనే అమ్మా" అన్నాను.

ఆమె నన్ను కింద నుంచి పైదాకా చూసింది. "కంచె ఏసినోడు మా మరిదొక్కడే అనుకున్నాను" అంది. నేను ఉత్తర్వు మడత పెట్టాను. "పోన్లే బావూ. నువ్వేసింది నువ్వే తీసీసినావు. ఆడి సేత తియ్యించడానికే కోర్టుకి రావలిసొచ్చింది." పొద్దుండగా కోతకి వెళ్ళాలని గబగబా బస్సుకి వెళ్ళిపోయింది.

అప్పుడు వెనక నుంచి జగ్గారావు గారు వచ్చి భుజం మీద చెయ్యి వేశారు.

"ఓ దారుణం జరిగిపోనాది బావూ. ఆ రచయితకి నోటీసివ్వలేదు, ఆయన మాటినలేదు, ఏకపచ్చంగా తీర్పిచ్చీసినారు. ఇది సహజ న్యాయానికి విరుద్ధం. అప్పీలు ఏద్దాం. ఫీజు లేకుండా ఆయన తరఫున నానే వాదిస్తాను."

ఆ రాత్రి బాగా ఆలోచించి ఒక నిర్ణయానికి వచ్చాను. దాన్ని ఇందుమూలంగా సకల జనులకూ తెలియజేస్తున్నాను. సదరు సింహాచలం అనే రచయిత తాను నడవని దారి గురించి, మొయ్యని బరువు గురించి కలం పట్టకుండా శాశ్వత ఇంజంక్షన్ విధిస్తున్నాను. ఆయనకి నోటీసు అందింది. ఆయన హాజరయ్యాడు. తన తరఫున చెప్పుకునేది ఏమీ లేదన్నాడు.