దొరికిన దొంగకు దావత్

"మామ పోయిండన్నా" అని మా ఇంటి ఓనరు గారి కోడలు పొద్దున్నే తలుపు కొట్టి చెప్పింది. నిద్రలోనే గుండె ఆగిపోయిందట. నా నోటి నుంచి వచ్చిన మొదటి మాట ఏమిటో వినండి: "మొన్న పరీక్షలో ఏమీ లేదన్నారు కదమ్మా!" ఆ పిల్ల ఏడుస్తూనే, "అండ్ల ఏం లేదన్నా. అది మామను గెల్వలే" అంది.

నిజమే. మూత్రాశయంలో క్యాన్సర్ ఆయనకు ఎన్నోసార్లు తిరిగి వచ్చింది, వచ్చిన ప్రతిసారీ ఓడిపోయింది. చావు కబురు రాస్తూ ఇంత హుషారేమిటని మీరు అనుకోవచ్చు. ఆయన సంగతి తలచుకుంటే నాకు కుదురుగా కూర్చోబుద్ధి కాదు, ఏం చేయను!

పుప్పాలగూడ పాత ఊళ్లో పుట్టి పెరిగిన మనిషి. పొలం అమ్మి ఇల్లు కట్టి, పైవాటా మాకు కిరాయికిచ్చాడు. మాది కర్నూలు వైపు, నాది ఐటీ ఉద్యోగం. ఆయన్ను పెద్దనాయనా అని పిలిచేవాణ్ణి. నాకు మూత్రంలో రక్తం కనబడి, అదే జబ్బని తేలిన రోజు ఆయన నా భుజం చరిచి, "ఇగ నువ్వు గూడ మా పార్టీనే! ఫికర్ చేయకు, నేను సీనియర్‌ను" అన్నాడు. నా జేబులోని సిగరెట్ పెట్టె లాగి ఇంటి ముందు మురుగు మోరీలో పడేశాడు.

డాక్టర్లు లోపలి గడ్డను గీకి తీసేశారు. కొన్ని నెలలకు మళ్లీ కనిపించింది. నేను డీలా పడిపోయాను. ఎన్నిసార్లు తీసినా వచ్చేదానికి ఈ తిప్పలెందుకు, ఇక దవాఖాన గడప తొక్కనని ఇంట్లో తెగేసి చెప్పాను. నా భార్య కిందికి వెళ్లి వాళ్ల దగ్గర ఏడ్చింది. ఆ సాయంత్రం మిద్దె మీద నుంచి మటన్ ఉడుకుతున్న వాసన. వెళ్లి చూస్తే పెద్దనాయన పెద్ద గంజు పొయ్యికెక్కించి, చుట్టుపక్కల వాళ్లందర్నీ పిలిచి కూర్చున్నాడు.

"నాకు రోగం తిరిగొస్తే నువ్వు పండగ చేస్తాండావా పెద్దనాయనా?" అని అరిచాను.

"రోగం వచ్చినందుకు గాదు బిడ్డా, దొరికినందుకు! ఇంట్లకు దొంగ సొచ్చిండు. గోడకాడనే దొరికిండు. బీరువ దాక పోయినంక దొరికితే ఏడ్వాలె గని, గోడకాడ దొరికితే దావత్ చెయ్యాలె. నాకు వచ్చినప్పుడల్లా చేసిన. అడుగు మీ పెద్దమ్మను."

"చేసిండు. గిన్నెలన్నీ నేనే తోమిన" అంది పెద్దమ్మ.

అందరూ నవ్వారు, నా భార్య కూడా. నాకు కోపం తగ్గలేదు గానీ ముక్కలు మాత్రం రెండోసారి వేయించుకున్నాను. ఆ వారమే ఆయన నన్ను వెంటబెట్టుకుని ఆపరేషన్‌కు తీసుకెళ్లాడు. డాక్టర్ చెప్పిందీ అదే: ఇది తిరిగి రావడం మామూలే, పైపొరలో ఉండగానే పట్టుకుంటే చాలామంది ఏళ్ల తరబడి హాయిగా బతుకుతారు. అందరికీ అలా జరగదు. కొందరికి లోతుకు పాకి, మూత్రాశయాన్నే తీసేయాల్సి వస్తుంది. ఆ సంగతీ పెద్దనాయన నా దగ్గర దాచలేదు. "గందుకే పరీక్ష ఇడ్వద్దు" అనేవాడు.

తర్వాత కొన్ని వారాలు మూత్రాశయంలోకి మందు ఎక్కించారు. ఎక్కించాక రెండు గంటలు ఆపుకోవాలి. అంతసేపూ ఆయనతో పేకముక్కల పత్తాలాట. ఓడిపోతుంటే ముక్కలు తొడ కింద దాచేవాడు, పట్టుకుంటే నవ్వించేవాడు. నవ్వితే నా గతేం కావాలి! "నవ్వించొద్దు పెద్దనాయనా, నీకు పుణ్యముంటాది" అని దండం పెట్టేవాణ్ణి.

ఆయన పోయిన వారంలోనే నాకు మళ్లీ పరీక్ష పడింది. దినాలయ్యాక వెళ్దామనుకున్నాను. అసలు సంగతి భయం. ఆయన పక్కన లేకుండా దవాఖాన హాల్లో కూర్చోవాలి కదా. పెద్దమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుని, "దినాలు మాకు, నీకేంది? లోపలిది దినాలు చూస్తదా? పో బిడ్డా" అంది.

వెళ్లాను. కెమెరా ఉన్న సన్నని గొట్టం లోపలికి పోతుంటే ఎప్పుడూ కళ్లు గట్టిగా మూసుకునేవాణ్ణి. ఈసారి తెరిచి తెర వైపు చూశాను. లేత గులాబీ రంగు గోడ, సన్నని ఎర్రటి నరాలు. ఒక మూలన ఆవగింజంత మచ్చ.

"చిన్నదే, మొదట్లోనే ఉంది" అన్నారు డాక్టర్.

"ఎప్పుడు తీస్తారు సార్?" అన్నాను. నా గొంతులో ఏడుపు లేదు, తొందర ఉంది.

డాక్టర్ నవ్వి, "ఉండండి, మిగతాది కూడా చూడనివ్వండి" అన్నారు. తెర మీద ఆ గొట్టం కొసన ఉన్న చిన్న వెలుగు మచ్చను దాటి, గోడ వెంబడే పక్క మూలకు కదిలింది.