కుట్టిన కళావరు ఆరు

మీరు అబద్ధం చెప్పారు. చెప్పి, అన్నం తిని, చేతులు కడుక్కుని వెళ్ళిపోయారు.

మా మేనత్త పోయి ఇవాళ్టికి పన్నెండు రోజులు. మాదన్నపేట కూరగాయల మార్కెట్ వెనక సందులో ముప్పై ఏళ్ళకు పైగా బ్లౌజులు కుట్టిన మనిషి. పదో రోజున ఆ సందులోనే టెంటు వేశారు. ఒక్కొక్కరే లేచి ఆమె గురించి నాలుగు మాటలు చెప్పారు. "సాక్షాత్తూ అన్నపూర్ణ" అన్నారొకరు. "వడ్డించడమే గానీ ఆమె కూర్చోగా నేను చూడలేదు" అన్నారు ఇంకొకరు. "వంటింటి గడప దాటని ఇల్లాలు" అంటూ మరొకాయన కళ్ళు తుడుచుకున్నాడు.

మా మేనత్తకు వంట సరిగ్గా రాదు. ఆమె పప్పు మాడకుండా దిగిన రోజులు నాకు గుర్తు లేవు. ఇక కూర్చోగా చూడలేదా! ఆదివారం మధ్యాహ్నం రెండింటికి చాప మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంటే, దీపాలు పెట్టే వేళ దాకా ఆమెను లేపగలిగినవాడు ఈ బస్తీలో పుట్టలేదు. చేతిలో పేక ముక్కలు ఉండేవి. అదీ మీరు దాచిపెట్టింది. టెంటులోకి వస్తుంటేనే మా బంధువొకాయన నన్ను పక్కకు లాగి, "పేకాట సంగతి ఎత్తకు, బాగుండదు" అన్నాడు.

"నేనసలు ఆ టెంటులో లేనే, నన్నెందుకు అంటున్నావు" అని ఈ పేజీ చదువుతున్న మీరు అడగొచ్చు. మీ ఇంట్లో ఉన్నారు కదా. చాలు. ఎందుకో చెప్తాను.

ముందు ఆట చెప్పాలి. ఆట తెలియకుండా ఆమె అర్థం కాదు. మేం దాన్ని ఏడుల ఆట అనేవాళ్ళం. పక్క వాటాలో ఉండే ముస్లిం పెద్దావిడ, మేమంతా ఖాలా అని పిలిచే ఆమె, 'సత్తి' అనేది. కట్టలో యాభై రెండు ముక్కలు. జోకర్లు తీసేయాలి. చాప చుట్టూ కూర్చున్నవాళ్ళకు మొత్తం పంచేయాలి, ఒక్కటి కూడా మిగల్చకూడదు. ఒకరికి తొమ్మిది వచ్చి ఒకరికి ఎనిమిది వస్తే ఏడవకూడదు. ఆఠీను ఏడు ఎవరి దగ్గర ఉంటే వాళ్ళు దాన్ని మధ్యలో పెట్టి ఆట మొదలుపెట్టాలి. తర్వాతి వాళ్ళు దానికి ఇటు ఆరో, అటు ఎనిమిదో వేయాలి. లేదంటే ఇస్పేటు, డైమను, కళావరులలో ఏదో ఒక ఏడు దించాలి. అలా నాలుగు రంగుల్లోనూ ఏడు నుంచి పైకి రాజు దాకా, కిందికి ఆసు దాకా వరస పేర్చుకుంటూ పోవాలి. అంకె దాటడానికి లేదు. ఎనిమిది పడేదాకా తొమ్మిది ఉన్నవాడు నోరు మూసుకుని కూర్చోవాల్సిందే. వేయడానికి ఏమీ లేకపోతే 'పాస్' అనాలి. ఎవరి చెయ్యి ముందు ఖాళీ అయితే వాళ్ళు గెలిచినట్టు.

ఇంతే ఆట. చిన్నపిల్లల ఆట అంటారు. మా మామయ్యా అదే అనేవాడు. అంటే మేనత్త భర్త. ఆయనకు రమ్మీ ఇష్టం. "రమ్మీ ఆడితే దిమాక్ పనిచేస్తది, గిదేం ఆట" అని విసుక్కునేవాడు. దానికి ఆమె ఇచ్చినటువంటి జవాబు నాకు ఎన్ని పుస్తకాలు చదివినా దొరకలేదు.

"రమ్మీల ఒకడు లేసి పోయినా ఆట నడుస్తది. గీ ఆటల నడువది. ప్రతోళ్ళ ముక్క ప్రతోళ్ళకు కావాలె."

ఆమె కట్టలో కళావరు ఆరు ఎప్పుడో పోయింది. కొత్త కట్ట కొందామంటే వినలేదు. "ఒక్కటి పోయిందని యాభై ఒక్కటి పారేస్తరా?" అంది. పాత పెళ్ళిపత్రిక అట్టను రెండు ముక్కలు కత్తిరించి, ఒకదాని మీద ఒకటి పెట్టి, నాలుగు అంచులా మిషను మీద నల్లదారంతో కుట్టేసింది. బాల్‌పెన్నుతో ఆరు కళావర్లు గీసింది. గీత కొంచెం వంకర. మిగతా వాటికంటే ఆ ముక్క మందం, వెనక నుంచి చూసినా నల్ల అంచు కొట్టొచ్చినట్టు కనబడేది. అంటే కళావరు ఆరు ఎవరి చేతిలో ఉందో అందరికీ తెలిసిపోయేది. ఇది ఆటకు అన్యాయం కదా అని నేను వాదించాను. వాదించడం నాకు అప్పటికే అలవాటు. "ఒక్కటన్న బయటికి తెలువనీ అల్లుడా, అన్నీ దాచుకుని ఏం జేస్తవ్" అంది.

ఇప్పుడు అసలు సంగతి. తొంభైల్లో ఒక ఆదివారం. మా బావకు, అంటే ఆమె కొడుకుకు, పెళ్ళయి రెండు నెలలు. చాప చుట్టూ మేనత్త, మామయ్య, బావ, ఖాలా, నేను. కోడలు వంటింట్లో గిన్నెలు తోముతోంది. మేనత్త ముక్కలు పంచుతోంది. ఐదు చోట్ల వేయాల్సినవి ఆరు చోట్ల వేస్తోంది. తనకూ బావకూ మధ్య ఖాళీ చాప మీద ఎనిమిది ముక్కలు బోర్లా పడ్డాయి. వాటిలో నల్ల అంచుది కూడా ఉంది.

"గివి ఎవరియే?" అన్నాడు మామయ్య.

"ఇంట్ల ఎందరున్నరో అందరికి పంచిన."

ఆట మొదలైంది. కళావరు ఏడు కూడా దిగింది. వంతు తిరిగి తిరిగి ఖాళీ చోటు దగ్గరికి వచ్చింది. వంటింట్లో గిన్నెల చప్పుడు. బావ చెయ్యి చాపాడు.

"నేనేస్తలే అమ్మా. నా పెండ్లామే గద."

"పెండ్లాం నీదే. ముక్కలు ఆమెయి. చెయ్యి తియ్యి."

నేను పెద్దమనిషి తరహాలో కల్పించుకున్నాను. "ఆమెకు ఈ ఆట రాదేమో అత్తా."

"నీకు మీ అమ్మ కడుపులనే వచ్చిందా?"

ఖాలా దుపట్టా అడ్డం పెట్టుకుని నవ్వింది. అప్పుడు నేను చేసిన పని రాయాలంటే ఇప్పటికీ వేళ్ళు మొరాయిస్తాయి. ఆ వారమే కోఠీలో ఒక హాలులో స్త్రీల సమానత్వం గురించి గంటసేపు మాట్లాడి చప్పట్లు కొట్టించుకున్న వాణ్ని. "సరే, ఆట ఆగింది కాబట్టి చాయ్ అన్నా తాగుదాం" అని వంటింటి వైపు తిరిగి గట్టిగా చాయ్ అడిగాను.

మేనత్త నా వైపు చూడలేదు. మామయ్య వైపు చూసింది. "ఇనబడ్డదా? పొల్లగాడు చాయ్ అడుగుతుండు. ఆమె వస్తే ఆట నడుస్తది, చాయ్ ఆగుతది. ఆమె చాయ్ పెడితే ఆట ఆగుతది. రెండు కావాల్నంటే నువ్వు లెవ్వు."

"నేనా?"

"కాళ్ళు లేవా?"

మామయ్య లేచాడు. కోడలు చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చి, కూర్చోవాలా వద్దా అన్నట్టు నిలబడింది. "కూసో బిడ్డా" అని మేనత్త చాప మీద చెయ్యి కొట్టింది. లోపలి నుంచి మామయ్య గొంతు: "చాయ్‌పత్తీ ఏ డబ్బల ఉన్నదే?" ఇరవై ఏళ్ళుగా ఉంటున్న ఇల్లది. ఖాలా ఊరుకోలేదు. "ఆప్ కే ఘర్‌ మేఇచ్ హై భాయ్‌సాబ్, హమారే ఘర్ మే నక్కో ఢూండో!" అంది. మీ ఇంట్లోనే ఉంది, మా ఇంట్లో వెతకొద్దని. అవును మరి, ఆయన డబ్బాలు వెతుకుతున్న తీరు చూస్తే పక్కింట్లోకి వెళ్ళి వెతికేట్టే ఉన్నాడు.

ఆయన ముక్కలు చాప మీదే ఉన్నాయి కాబట్టి ఆయన వంతు వచ్చినప్పుడల్లా ఆట ఆగింది. ఒక చేత్తో పట్టకారు పట్టుకుని పరుగెత్తుకొచ్చి, ముక్కలు చూసుకుని, మొదట్లో ఒకటి వేసి, తర్వాత్తర్వాత "పాస్" అని మళ్ళీ పొయ్యి దగ్గరికి పరుగెత్తేవాడు. పాస్‌లే నాలుగుసార్లు. పాస్ అనక ఏం చేస్తాడు, ఆయన దగ్గర మిగిలినవన్నీ కళావర్లే. ఐదు, మూడు, ఆసు. వాటికి దారి కోడలి చేతిలో నల్ల అంచుతో కనబడుతోంది. ఆమె ఇస్పేటు వేసింది, డైమను వేసింది, ఆఠీను వేసింది. ఆరు మాత్రం వదల్లేదు.

"బిడ్డా, గా ఆరు ఇడువరాదూ" అన్నాడు మామయ్య గడపలో నిలబడి, బతిమాలుతున్నట్టు.

"ఇడుస్త మామా" అంది కోడలు ముక్కల్లోంచి తలెత్తకుండా. "చాయ్ మసిలినంక."

ఆ ఇంట్లో ఆమె గట్టిగా మాట్లాడగా నేను విన్న మొదటి మాట అది. ఖాలా ఆమె వీపు మీద ఒక్కటి చరిచి "షాబాష్ దుల్హన్" అంది. మేనత్త నవ్వలేదు. నవ్వాపుకుని ముక్కలు సర్దుకుంది. కోడలు తన చివరి ముక్కగా కళావరు ఆరు వేసి గెలిచింది. చాయ్ వచ్చింది. నల్లగా, చేదుగా, గ్లాసు అడుగున పత్తీతో. అందరం తాగాం. అంతకంటే మంచి చాయ్ నేను ఇంతవరకు తాగలేదంటే కవిత్వం అనుకుంటారు. చండాలంగా ఉంది. కానీ గర్వంగా తాగాను.

ఆ తర్వాత ఆ ఇంట్లో అదే నియమం. రెండువేల సంవత్సరం దాటాక కూడా. ఎందరుంటే అందరికి. మలక్‌పేట నుంచి బ్లౌజు కోసం వచ్చిన ఆఫీసరుగారి భార్య, "అయ్యో నాకు టైం లేదండీ, పేకాటా?" అంటూ కుర్చీ అంచున కూర్చుని, అరగంటకు చాప మీదికి దిగి, చీకటి పడ్డాక బ్లౌజు మరిచిపోయి వెళ్ళింది. ఖాలా వాళ్ళు ఇల్లు మారి చాంద్రాయణగుట్టకు వెళ్ళాక కూడా, ప్రతి ఆదివారం బస్సెక్కి వచ్చేది.

ఇంకో నియమం ఉండేది. వేయడానికి రెండు మూడు ముక్కలు ఉంటే నీకు నచ్చింది వేసి, ఇంకోటి ఆపుకోవచ్చు. కానీ ఉన్న ఒక్కటీ దాచిపెట్టి 'పాస్' అనకూడదు. ఆట చివర దొరికిపోతే వచ్చే ఆదివారం చాప మీద చోటు ఉండదు. "ఆపుడు ఆట. లేదనుడు అబద్ధం" అనేది.

ఈ మాట నాకు సూటిగా తగిలింది. ఒకసారి మా సభ విశేషాలు గొప్పగా చెప్తున్నాను. ఆమె మిషను తొక్కుతూ వింటోంది.

"మీ మీటింగ్‌ల చాయ్ ఎవలు పెట్టిన్రు?"

"మన అమ్మాయిలే, అత్తా."

"మరి వాళ్ళు మాట్లాడిన్రా?"

"లేదు. టైం లేకపోయింది."

మిషను ఆగింది. "లేదనకు అల్లుడా. ఉన్నది, మేం ఆపుకున్నమని చెప్పు."

అప్పటి నుంచి ఇప్పటిదాకా నేను రాసిన ప్రతి వ్యాసంలో ఉన్న కోపం అక్కడిదే. మీరు నన్ను దురుసు మనిషి అంటారు. ఆమె మేనల్లుణ్ని. అందుకు నాకు గర్వంగా ఉంది. ఆమె ఏ వేదికా ఎక్కలేదు, ఏ కరపత్రం మీదా ఆమె పేరు లేదు. ఒక చాప, ఒక పాత కట్టతో ఒక మొగుణ్ని వంటింట్లోకి, ఒక కోడల్ని హాల్లోకి తెచ్చింది. మా సంఘాలన్నీ కలిసి ఆ సందులో ఆ పాటి పని చేయలేదు.

చివరి నెలల్లో చూపు మందగించింది. కోడలు పక్కన కూర్చుని ఆమె ముక్కలు చెవిలో చదివేది. ఏది వేయాలో మాత్రం చెప్పేది కాదు. చెబితే ఊరుకునే మనిషా? కళావరు ఆరు వస్తే చదవనిచ్చేది కాదు. బొటనవేలితో అంచు కుట్టు తడిమి, "ఇది నాకెరుకే" అనేది.

ఇక పదో రోజు. టెంటు కింద మగవాళ్ళు కొత్త కట్ట కొనుక్కొచ్చి రమ్మీ వేశారు. పేకాట సంగతి ఎత్తొద్దన్న ఆ బంధువు కూడా అందులో ఉన్నాడు. మగవాళ్ళు ఆడితే కాలక్షేపం, ఆడమనిషి ఆడితే దాచాల్సిన సంగతి. లోపల కోడలు పొద్దుటి నుంచి నిలబడే ఉంది. "అమ్మా, గీడ ఆరు చాయ్" అని కేక వేశారు. తెచ్చింది. ట్రే నా ముందుకూ వచ్చింది. నేనూ తీసుకున్నాను. సగం గ్లాసు తాగాక ఆమె కళ్ళు చూశాను. అప్పుడు ఆ ఆదివారం గుర్తొచ్చింది.

కోడలు ఇన్నేళ్ళు నిలుపుకున్న ఆ చాప మీది చోటు పది రోజుల్లో పోయింది. ఎవరూ లాక్కోలేదు. ఊరికే, ఆమెకు పంచడం మానేశారు.

లోపలికి వెళ్ళి చూస్తే మేనత్త పాత బట్టల మూటలో, ఎవరికో ఇచ్చేయడానికి కట్టిన దాంట్లో, ఆ కట్ట ఉంది. నేను చెయ్యి పెట్టేలోపే కోడలు తీసి మిషను సొరుగులో పెట్టేసింది. "అన్నా, ఆదివారం వస్తవా?" అని మాత్రం అడిగింది. అందుకే ఇది రాస్తున్నాను. సందులోని వాళ్ళకూ, బంధువులకూ, టెంటులో లేమని తప్పించుకునే మీకూ నావి కొన్ని డిమాండ్లు.

ఒకటి. ఆమెను అన్నపూర్ణ అనడం మానండి. పేకాట ఆడేదని చెప్పండి. బాగా ఆడేదని చెప్పండి.

రెండు. ఆ కట్ట పారేయొద్దు. కొత్తది కొనొద్దు.

మూడు. వచ్చే ఆదివారం రెండింటికి చాప వేయండి. ఖాలాకు కబురు పెట్టండి.

నాలుగు. చాయ్ మామయ్య పెడతాడు. ఆయనకు చేతకాకపోతే నేను. మీ ఇంట్లో అయితే మీరు.

ఐదు. ముక్కలు కోడలు పంచాలి. ఇంట్లో ఎందరుంటే అందరికి.

ఆరు. మేనత్త కూర్చునే చోట కూడా పంచండి. ఆమె వంతు వచ్చినప్పుడు ఆట ఆగుతుంది. ఆగనివ్వండి. నేనేస్తలే అని ఎవరూ చెయ్యి చాపొద్దు. నల్లదారం అంచున్న ముక్క అక్కడ పడితే, బోర్లా ఉన్నా అందరికీ కనబడుతుంది. దాన్ని తిప్పొద్దు.