మిరుగం చేపకు రబ్బరు కప్ప

నాకు నోటి దురుసు ఎక్కువ. ఆ సంగతి ఎనుమాముల మార్కెట్‌లో అందరికీ తెలుసు, ఇంట్లో మా అత్తమ్మకు ఇంకా బాగా తెలుసు. పోయిన వేసవిలో ఆ నోరే నన్ను చెరువు గట్టున నిలబెట్టింది.

మాది మిర్చి కమీషన్ దుకాణం. సీజన్ ఉన్నన్నాళ్లు నేనూ మా ఆయనా బస్తాల మధ్యే తింటాం, అక్కడే తుమ్ముతాం. మే నెల దాటిందంటే యార్డు బోసిపోతుంది, నాకేమో చేతులు ఊరుకోవు. అలాంటప్పుడే పరకాలలో ఉండే మా తమ్ముడు తన పాత గాలం కర్రా, గుప్పెడు రబ్బరు కప్పలూ నాకిచ్చి పోయాడు. ఒక్కో కప్ప బొటనవేలంత ఉంటుంది. పొట్ట బోలు. వీపుకు ఆనుకుని రెండు కొక్కేలు. నాచు మీద గెంతిస్తూ లాగితే కొర్రమట్ట చేప దాన్ని నిజం కప్పే అనుకుని నోట కరుస్తుంది, పొట్ట అణగగానే కొక్కేలు పైకి తేలి గుచ్చుకుంటాయి. చెప్పుకోవడానికి ఎంత సులువో.

మొదటి రోజే తామరాకుల మధ్య నీళ్లు దబ్బున పగిలాయి. కప్ప మాయమైంది. నేను ఉన్న బలమంతా పెట్టి గుంజాను. కప్ప గాల్లో ఎగిరి వచ్చి నా నుదుటికే తగిలింది. చేప లేదు, గీప లేదు. అయినా గట్టు మీద ఒక్కదాన్నే పిచ్చిదానిలా నవ్వుకున్నాను. ఆ దబ్బు చప్పుడు విన్నాక నాకు వేరే ధ్యాస లేదు.

మిరుగం, అదే మృగశిర కార్తె మొదలయ్యే రోజు, దగ్గర పడుతోంది. ఆదివారం చర్చికి పోయేవాళ్లమే అయినా మిరుగం నాడు చేప తినకుండా మా ఇంట్లో పొద్దు గడవదు. తొలకరి నాడు నోట్లో చేపముక్క పడకపోతే వానాకాలమంతా దగ్గు వదలదని అత్తమ్మ నమ్మకం. తిన్నా ఏటా ఆమెకు దగ్గు పట్టుకుంటుంది, తినకుంటే ఇంకెంతయ్యేదో అంటుంది. అన్నాల దగ్గర మా ఆయన చేపలవాళ్లకు కొర్రమట్ట కోసం ముందే చెప్పి పెట్టాలన్నాడు.

"ఎవ్వలకు చెప్పకు. ఈసారి మిరుగం చేప నేను తెస్త" అన్నాను.

ఆయనకు నవ్వుతో పొలమారింది. "రబ్బరు కప్పతోనా? ఇగ మనం రబ్బరు కూరనే తినాలె."

అత్తమ్మ నవ్వలేదు. "సరే బిడ్డా. నువ్వు పట్టుకొస్తేనే తింట. కొనుక్కొచ్చింది ముట్ట. నువ్వు తేకపోతే ఆ దినం నాకు పచ్చడి మెతుకులే" అంది.

ఆమె అన్నదంటే అన్నదే. నా స్కూటీ ఎక్కనని ఒకసారి అంది, ఈనాటికీ ఎక్కలేదు. ఆ పెద్దామె వానాకాలం మొత్తాన్ని ఒక రబ్బరు కప్పకు కట్టేశానని అప్పుడు గానీ నాకు తట్టలేదు.

రోజూ తెల్లవారగానే స్కూటీ తీసేదాన్ని. చేపలు కరిచేవి. కరిచినట్టే కరిచి ఉమ్మేసేవి. ఫోన్‌లో వీడియోలు చూశాను. కరవగానే గుంజొద్దు, దారం బిగిసేదాకా ఊపిరి బిగబట్టమన్నారు. బిగబట్టాను. చేపకు ఉమ్మడానికి ఇంకాస్త తీరిక దొరికింది, అంతే. గేటు దగ్గర అత్తమ్మ "ఏమాయె?" అనడం, నేను చెప్పులు విడవడం. ఆ చేపల మీద వచ్చినంత కోపం నాకు రేటు పడగొట్టే వ్యాపారుల మీద కూడా రాలేదు.

కప్ప గట్టిగా ఉంటే పొట్ట అణగదని, వేడినీళ్లలో మెత్తబరచాలని మరో వీడియోలో విన్నాను. మిరుగం ముందటి రోజు కొక్కేలు ఊడదీసి, కప్పలన్నిటినీ చిన్న గిన్నెలో పోసి, మూతపెట్టి పొయ్యి మీద ఉంచాను. పెరట్లో కూర్చుని పట్టుకారుతో కొక్కేల మొనలు కాస్త పైకి వంచుతున్నాను. లోపల నుంచి దగ్గు. అలాంటిలాంటి దగ్గు కాదు, ఇల్లంతా అదిరింది.

ఉరికాను. అత్తమ్మ మూత చేతిలో పట్టుకుని, కళ్ల నీళ్లు కారుస్తూ గిన్నెలోకి చూస్తోంది. "ఏందే పిల్లా ఇది? కప్పలకు కారం పెట్టి ఉడకబెడ్తానవా?"

నాకూ గొంతు పట్టేసింది. ఆవిరిలో మిర్చి ఘాటు. ఎక్కడిదా అని చూస్తే, ఇన్నాళ్లూ కప్పల్ని దాచింది దుకాణంలో ఖాళీ అయిన మిర్చి శాంపిల్ కవర్‌లో. మార్కెట్ వాళ్లం అన్నీ ఆ కవర్లలోనే పెడతాం, మందు గోలీలూ, గాజులూ, ఛార్జర్లూ. ఆ ఘాటు మా ముక్కులకు ఏనాడో తెలియకుండా పోయింది. పాపం కొర్రమట్టలకు తెలిసింది.

మా ఆయన గోడకు ఆనుకుని నవ్వుతూ కిందికి జారిపోయాడు. అత్తమ్మ మాత్రం కొంగు నడుముకు చెక్కి కుంకుడుకాయలు కొట్టింది. పసిపిల్లల తలలు రుద్దినట్టు ఒక్కో కప్పనూ రుద్ది రుద్ది కడిగి, తీగ మీద ఆరేసింది.

మిరుగం పొద్దున సన్నని తుంపర. కప్ప వేళ్ల మధ్య మెత్తగా అణుగుతోంది. వేశాను, గెంతించాను. దబ్బున నీళ్లు పగిలాయి. ఊపిరి బిగబట్టాను. దారం బిగిసింది. గుంజాను. కర్ర విల్లులా వంగింది, ఈసారి నా నుదుటికి ఏదీ వచ్చి తగల్లేదు. గట్టు మీదికి లాగి, చున్నీ కప్పి, జారిపోతుందేమోనని దాని మీద దాదాపు కూర్చున్నాను. రెండు కొక్కేలూ పైదవడలో నిలువునా దిగి ఉన్నాయి. బురదలో గెంతులు వేశాను, ఎవరు చూస్తే నాకేంటి. తమ్ముడికి ఫోన్ చేస్తే, "చేపకు కారమేం తెలుస్తదక్కా, కొక్కెం వంచినవ్ గాబట్టే దిగింది" అన్నాడు. పోరా అన్నాను.

చేప మరీ పెద్దదేం కాదు. మామిడికాయ వేసి అత్తమ్మే వండింది. కంచాల ముందు కళ్లు మూసుకుని, "ప్రభువా, చేపకు స్తోత్రం, కప్పకు సుత స్తోత్రం" అంది. మా ఆయనా నేనూ పెదాలు కొరుక్కుంటూ ఆమెన్ అన్నాం.

మా ఇంట్లో చేప తలకాయ మామయ్య కంచంలోకి పోయేది. ఆయన పోయాక మా ఆయన కంచంలోకి. ఇన్నేళ్లలో దాని రుచి నాకు తెలియదు, అడగాలనీ తోచలేదు. అలవాటుగా మా ఆయన తన కంచం ముందుకు జరిపాడు. అత్తమ్మ గంటె ఆ కంచం దాటి వచ్చి నా కంచంలో వంగింది.

"అమ్మా, గది నాది గదనే" అన్నాడాయన.

"చేప పట్టినోళ్లది తలకాయ. నువ్వు పట్టుకరాపో, నీకూ ఏస్త."

తలకాయను అటూ ఇటూ తిప్పి చూశాను, ఎటు నుంచి తినాలో నాకు తెలియదు. అది చూసి అత్తమ్మ, చెంప దగ్గరి మెత్తటి కండను వేలితో తీసి నా నోట్లో పెట్టింది. ఆ తర్వాతే తన మిరుగం ముద్ద కలుపుకుంది.