వణుకుతూనే చెప్పిన సాక్ష్యం

నా చిన్నప్పుడు మేము నాచారంలో ఒక రేకుల ఇంట్లో ఉండేవాళ్లం. జనగామ వైపు పల్లె నుంచి బతకడానికి వచ్చిన కుటుంబం మాది. నాన్న ఆటో నడిపేవాడు. అమ్మ, పక్కింటి అక్క కలిసి మల్లాపూర్‌లో ప్లాస్టిక్ డబ్బాలు చేసే ఫ్యాక్టరీకి పోయేవారు. నేను ఏడో తరగతి పూర్తిచేసిన ఎండాకాలంలో, ఒక మధ్యాహ్నం ఆ షెడ్డు ముందు భాగానికి నిప్పంటుకుంది. అమ్మ బయటికి రాలేదు. అక్కను మాత్రం గోడ రేకు విప్పి లాగారు. రెండు చేతులూ మోచేతుల దాకా కాలిపోయాయి.

ఆ రోజు అమ్మకు అన్నం తీసుకెళ్లింది నేనే. ఎప్పుడూ వెనక తలుపు దగ్గర ఇచ్చేదాన్ని. ఆ రోజు దానికి బయట తాళం వేసి ఉంటే, చుట్టూ తిరిగి ముందు నుంచి వెళ్లి ఇచ్చాను. విచారణ మొదలయ్యాక ఓనరు వేరేలా చెప్పాడు. వెనక తలుపు తెరిచే ఉందట, ఆడవాళ్లే భయపడి దారి తెలియక ఆగిపోయారట. అక్కడ పనిచేసే మిగతావాళ్లెవరూ నోరు విప్పలేదు. మిగిలింది అక్క, నేను.

విచారణ ముందు రోజు సూపర్‌వైజర్ మా ఇంటికి వచ్చాడు. చిన్నపిల్లను అంతమందిలో నిలబెడితే తడబడి నవ్వులపాలవుతుందని నాన్నకు మెత్తగా చెప్పాడు. అక్క నోరు విప్పితే ఈ చుట్టుపక్కల ఏ షెడ్డులోనూ పని దొరకదని కూడా అన్నాడు. నాన్న తల వంచుకుని విన్నాడు. అతను వెళ్లాక నన్ను దగ్గర కూర్చోబెట్టుకుని, "నీకు చెప్పబుద్ధయితేనే చెప్పు బిడ్డా. నేనైతే బలవంతం జెయ్య" అన్నాడు.

మరునాడు ఉప్పల్‌లోని ఒక ఆఫీసు వరండాలో కూర్చున్నాం. లోపల అధికారులు, ఓనరు, అతని వకీలు. నా అరికాళ్లు చెమటకు చెప్పుల్లో జారుతున్నాయి. అక్క లేచి గోడ వెనక్కి వెళ్లింది. ఎంతకీ రాకపోతే నేనూ వెళ్లాను. వంగి వాంతి చేసుకుంటోంది. సూపర్‌వైజర్‌నే ఎదిరించి మాట్లాడే మనిషికి భయం ఉంటుందని నాకు అప్పటిదాకా తెలియదు. భయమైతుందా అని అడిగాను.

"మస్తు భయమైతుంది. పొద్దుగాల్నుంచి కడుపుల నీళ్లు గూడ ఆగుతలేవు" అంది. కట్లు కట్టిన చేతులతో నా చెయ్యి లాక్కుని తన గుండె మీద పెట్టుకుంది. "సూడు ఎట్ల కొట్టుకుంటుందో. ఇది ఆగేదాకా కూసుంటే ఈడ్నే కూసుంటం చెల్లె. కొట్టుకోనియ్యి. మనం పోయి చెప్పేది చెప్పి వద్దాం."

ముందు అక్కను పిలిచారు. మధ్యలో ఆగి నీళ్లు అడిగింది, మళ్లీ మొదలుపెట్టి, వెనక తలుపు ఎంత తోసినా తెరుచుకోలేదని చెప్పింది. అంత పొగలో నువ్వు తోసింది తలుపే అని ఎలా తెలుసు అని వకీలు అడిగాడు.

"నా చేతులు గా ఇనుప తలుపుకే కాలినయి సార్" అంది అక్క.

తర్వాత నేను. పేరు అడిగితే నోట మాట రాలేదు. వకీలు ఓనరు వైపు చూసి నవ్వాడు. గుండె చెవుల్లో కొట్టుకుంటోంది. అది తగ్గదని అప్పటికి నాకు అర్థమైంది. అలాగే నోరు తెరిచాను. "మా అమ్మకు అన్నం ఇయ్యనీకి పోయిన. ఎనక తలుపుకు తాళం ఏసి ఉండె." గొంతు ఎంత సన్నగా వచ్చిందంటే, అధికారి మళ్లీ చెప్పమన్నాడు. మళ్లీ చెప్పాను. ఆయన రాసుకున్నాడు.

దాని వల్ల గొప్ప న్యాయమేమీ జరగలేదు. ఓనరు కొన్నాళ్లు జైల్లో ఉండి వచ్చాడు. అదే షెడ్డు మీద కొత్త పేరుతో బోర్డు లేచింది. సూపర్‌వైజర్ అన్నట్టే అక్కకు ఎక్కడా పని ఇవ్వలేదు. ఆ చేతులతోనే బస్తీలో ఇళ్లు ఊడ్చి బతికింది. కానీ మా అమ్మ దారి తెలియక చచ్చిపోయిందని ఆ తర్వాత ఎవరూ అనలేకపోయారు.

తెలంగాణ వచ్చిన ఏడాది అక్క పోయింది. ఇప్పుడు నా తల సగం నెరిసింది. నలుగురి ముందు నిలబడాల్సి వస్తే ఇప్పటికీ నా చేతులు చల్లబడతాయి. అయినా ధైర్యం వచ్చాక మాట్లాడదామని నేనెప్పుడూ ఆగలేదు.