శవపెట్టె చుట్టూ నిలబడ్డవాళ్ళు

చర్చి వెనకున్న చిన్నగది ఖాళీ చేయించాలని కమిటీ తీర్మానం చేసిన రోజునే స్వర్ణప్ప ఆ గదికి రెండో తాళం వేసింది. మొదటి తాళంచెవి కమిటీ దగ్గరుంది మరి. రెండోదాన్ని బొడ్డులో దోపుకుని, "ఇప్పుడు రాసుకోండి మీ తీర్మానాలు" అని మా మొహాల మీదే అంది. కమిటీలో ఐదుగురం. ఆ కాగితం మీద నేనూ సంతకం పెట్టాను. ఆ మాట ముందే చెప్పేయడం మంచిది.

గదిలో ఉన్నవి చావు ఫోటోలు. నాలుగువందల పైచిలుకు. ప్రతిదాంట్లోనూ మధ్యలో మూత తీసిన శవపెట్టె, చుట్టూ జనం. కొత్త మైకుసెట్టుకి చోటు కావాలనీ, దేవుడి గుడిలో ఈ దరిద్రం ఏమిటనీ అన్నవాడు మా సెక్రటరీ జానీ. నలభై ఎనిమిదేళ్ళవాడు, రైల్వేలో సిగ్నలు పని. మంచివాడే, కాకపోతే తాను పట్టిందే పంతం.

ఇనప ఖనిజం మోయడానికి కిరండూల్ రైలు లైను వేసినప్పుడు శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వచ్చిన కుటుంబాలు మావి. పెళ్ళిళ్ళన్నీ ఊళ్ళకెళ్ళి చేసుకునేవాళ్ళం, పురుళ్ళకీ అక్కడికే పోయేవాళ్ళం. చావు ఒక్కటే ఇక్కడ జరిగేది. టెలిగ్రాం అంది, పాసింజరు పట్టుకుని ఊరివాళ్ళు వచ్చేసరికి శవం ఆగదు. అందుకని ఫోటో తీయించి పంపేవాళ్ళం. రాలేనివాళ్ళకి అదే చివరిచూపు. రెండు ప్రతులు తీసేవాళ్ళు. ఒకటి ఊరికి పోయేది. రెండోది ఇంట్లో ఉంచుకోవడానికి భయం, పారెయ్యడానికి ఇంకా భయం. అలాంటివి స్వర్ణప్ప చేతిలో పెట్టి చేతులు దులుపుకునేవాళ్ళు.

ఆమె చదివింది ఐదో తరగతి. రైలుపట్టాలు సరిచేసే గేంగులో పనిచేసే భర్త పాము కరిచి పోతే ఆమెకి ఉద్యోగమిచ్చారు. ముప్ఫై ఏళ్ళు ఆఫీసులో ఫైళ్ళు మోసింది. నంబరు లేని కాగితం తప్పిపోయిన పశువని అక్కడే నేర్చుకుంది. ప్రతి ఫోటో వెనకాలా పెన్సిలుతో నంబరు, ఏడాది, ఎడమ నుంచి కుడికి నిలబడ్డవాళ్ళ పేర్లు రాసేది. పేరు తెలియకపోతే ఇల్లిల్లూ తిరిగి అడిగేది. బిస్కెట్ డబ్బాల్లో వేపాకు వేసి పేర్చేది. ఖనిజం దుమ్ముతో ఇక్కడ అందరి చేతులూ ఎర్రగా ఉంటాయి కాబట్టి, పాస్టరుగారైనా సరే సబ్బుతో కడుక్కోనిదే ముట్టుకోనిచ్చేది కాదు. పాత ఉత్తరాలూ, చేతిరాత పాటల పుస్తకాలూ, ఒక గేంగు దీపమూ కూడా ఆ గదిలో ఉన్నాయి. కానీ జానీ కళ్ళకి ఆనింది ఫోటోల్లోని శవపెట్టెలు మాత్రమే.

ఆదివారం ఆరాధన అవగానే జానీ వెనకవైపు ఇనప డ్రమ్ములో మంట పెట్టించాడు. స్వర్ణప్ప గది ముందు స్టూలు వేసుకుని కూర్చుంది. డెబ్బై ఏళ్ళ మనిషి, బలవంతంగా లేపే ధైర్యం ఎవరికుంది?

"అత్తా, ఈ కబాడ్, ఈ పాత చెత్తంతా ఎవరికోసం? చచ్చినవాళ్ళని డబ్బాల్లో పెట్టుకు కూర్చుంటావా?" అన్నాడు జానీ.

"సచ్చినోలు ఫోటోకి ఒకలేరా. మిగతా ముప్ఫైమందీ బతికున్నోలే కదేటి? ఎప్పుడైనా సూసినావా?"

"తీర్మానం అయిపోయింది. తాళం తియ్యి."

ఆమె లేచి నిజంగానే తాళం తీసింది. ఒక డబ్బా తెచ్చి అతని ముందు పెట్టింది. "కాల్చుకో. నాను అడ్డుపడను. కానీ ఒక్కోటీ తియ్యాల. ఎనకాల పేర్లు అందరికీ ఇనబడేలా సదవాల. సదివినాకే మంటలో ఎయ్యాల. పేర్లు సదవకుండా మనుషుల్ని కాల్చడానికి నీకెవలిచ్చినారు హక్కు?"

జానీ నవ్వి మొదటి ఫోటో తీసి గడగడా చదివాడు. నాలుగో పేరు దగ్గర, ఇంటికి వెళ్ళబోతున్న ఒక ముసలాయన ఆగిపోయాడు. "అది మా అన్న. ఇలా తే" అన్నాడు. ఫోటో మంటలో పడలేదు. రెండోది చదివేసరికి ఇద్దరు ఆడవాళ్ళు వచ్చారు. జానీ గొంతు తగ్గింది. స్వర్ణప్ప ఊరుకోలేదు. "గట్టిగా సదువు. మైకుసెట్టు కావాలన్నావు కదా!"

ఐదో ఫోటో తిరగేసి చదివాడు. "నూట పన్నెండు. వెయ్యిన్నీ తొమ్మిదివందల డెబ్బై తొమ్మిది. ఏలీషా చనిపోయినప్పుడు. ఎడమ నుంచి ప్రకాశం, మరియమ్మ, స్వర్ణ, దేవుడమ్మ, చంకలో జానీ..." మిగతా పేర్లు చదవకుండా అక్కడే ఆగిపోయాడు.

దేవుడమ్మ అంటే జానీ వాళ్ళమ్మ. రెండో కానుపుకి పుట్టింటికెళ్ళి అక్కడే పోయింది. అప్పటికి వీడికి మూడేళ్ళు. ఆమె శవపెట్టె ఇక్కడ లేదు కాబట్టి ఫోటో లేదు. ఊళ్ళో పెళ్ళి ఫోటో తుఫానులో నానిపోయింది. తల్లి మొహం ఎలా ఉంటుందో వాడికి తెలియదు. నాకు ఏడుపు ఆగలేదు.

వాడు ఫోటో తిప్పి చాలాసేపు చూశాడు. "ఎందుకు చెప్పలేదు అత్తా?" అన్నాడు.

"మూడుసార్లు రమ్మన్నాను. కబాడ్ గదికి రానన్నావు."

"ఇంటికి తీసుకెళ్తాను."

"ఎల్లదు. ఈ గది నుంచి ఏదీ బయటికెల్లదు."

"మా అమ్మ!"

"పక్కనున్న ఇరవై తొమ్మిది మందీ నీ అమ్మలేటి? ఫోనులో తీసుకో, ఒద్దనను. కానీ ఆ రోజు మీ అమ్మ నా భుజం మీద సెయ్యేసి ఏటన్నాదో ఫోను సెప్పదు. నా నోటితో ఇనాల. అలగైతే గది ఉండాల."

ఇంతకీ ఏమందో అందరిముందూ చెప్పలేదు. ఫోటో వాడి చేతిలోంచి తీసుకుని, వేలి ఎరుపు అంటిన అంచుని చీర చెంగుతో తుడిచింది. "ముందు సేతులు కడుక్కురా" అంది. జానీ కుళాయి దగ్గరికి నడిచాడు. డ్రమ్ములో మంట దానంతటదే ఆరిపోయింది.

మర్నాడు నేనూ చేతులు కడుక్కునే ఆ గదిలోకి వెళ్ళాను. నీకు పంపిన మా తీర్మానం కాగితం ఇచ్చెయ్యి, చింపేద్దామన్నాను. స్వర్ణప్ప ఒక డబ్బా మూత తీసి చూపించింది. కాగితం వేపాకుల కింద భద్రంగా ఉంది. వెనకాల పెన్సిలుతో నంబరు, ఏడాది, ఎడమ నుంచి కుడికి మా ఐదుగురి పేర్లు.

"ఇదీ ఎల్లదు" అంది.