కళ్లారా చూసినవాడు

గణపతిరావు బెంగాల్‌లోని ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో ఇరవై ఏడేళ్లు క్రేన్ నడిపాడు. పైన క్యాబిన్‌లో కూర్చుని బోగీని గాల్లోకి లేపుతుంటే కింద ఉన్నవాళ్లంతా పని ఆపి అటే చూసేవాళ్లు. రిటైరయ్యాక ఆ ఊళ్లోనే మలంచా పేటలో ఇల్లు కట్టుకున్నాడు. పింఛను వస్తోంది, దేనికీ లోటు లేదు. కానీ టీకొట్టు దగ్గర అతను మాట మొదలుపెడితే చాలు, పక్కవాళ్లు ఫోన్లు తీసేవాళ్లు.

పోయిన వర్షాకాలంలో పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్లు తిరుగుతున్నారని పుకారు లేచింది. ఎవరూ ఏమీ చూడలేదు. ఒకరోజు టీకొట్టు దగ్గర ఒక మాట గణపతిరావు నోట ఎలా వచ్చిందో అతనికే తెలియదు. నిన్న పొద్దున పూరీ గేట్ దగ్గర ఒకణ్ణి కళ్లారా చూశానన్నాడు. భుజాన గోనెసంచి, నుదుటి మీద గాటు, బడి గోడ పక్కన నక్కి ఉన్నాడని చెప్పాడు.

అందరూ ఫోన్లు పక్కన పెట్టారు. బెంచీ మీద అతనికి చోటిచ్చారు. ఎదురింటి బుజ్జిబాబు ఆ మాటలు రికార్డు చేసి వాట్సాప్‌లో పంపాడు. సాయంత్రానికి పక్కపేట ఝపటాపూర్ నుంచి కూడా మనుషులొచ్చి, బెంగాలీలో అన్నా అన్నట్టు దాదా అంటూ మళ్లీ చెప్పించుకున్నారు. చెప్పిన ప్రతిసారీ కొత్త సంగతి ఒకటి చేరింది. నిన్న మోకాలి నొప్పితో గుమ్మం దాటలేదు కదా అని భార్య రాధారాణి మెల్లిగా అడిగింది. అతను మొహం తిప్పుకున్నాడు.

వారం తిరక్కుండా తల్లులు పిల్లల్ని బడి మాన్పించారు. సందు మొదట్లో కర్రలతో కాపలా మొదలైంది. అది చూసి గణపతిరావుకి అన్నం సయించలేదు. నిజం చెప్పేద్దామని రోజూ బయల్దేరేవాడు. కానీ అతను కనిపించగానే నలుగురూ లేచి నిలబడేవాళ్లు. వాళ్లిచ్చిన చోట కూర్చుని, టీ తాగి తిరిగొచ్చేవాడు.

శుక్రవారం మధ్యాహ్నం బుజ్జిబాబు పరుగెత్తుకొచ్చాడు.

"మావా, ఆడు దొరికినాడు. నువ్వొచ్చి ఆడేనని సెప్పాల."

కరెంటు స్తంభానికి ఒక మనిషిని కట్టేశారు. చిక్కువెంట్రుకలు కొనుక్కుంటూ వీధులు తిరిగేవాడు. సంచి చిరిగి వెంట్రుకల ఉండలు బురదలో పడి ఉన్నాయి. నుదుటి మీద గాటుంది. దాన్నుంచి రక్తం ఇంకా కారుతోంది.

జనం పక్కకి జరిగి దారిచ్చారు. గణపతిరావు నాలుగడుగుల దూరంలో ఆగాడు. కాదంటే ఈ కర్రలు తనవైపు తిరుగుతాయి. ఆ భయంతో మాట రాలేదు. ఆ మౌనాన్నే ఔననుకుని ఎవరో కర్ర విసిరారు. ఎముక విరిగిన చప్పుడు అతనికి స్పష్టంగా వినిపించింది.

అప్పుడు వెళ్లి ఆ మనిషికి అడ్డంగా నిలబడ్డాడు.

"ఈ బాబుని నేనెప్పుడూ సూడనేదు. ఎవర్నీ సూడనేదు. అబద్ధం సెప్పినాను."

అదే బెంగాలీలోనూ అన్నాడు. ఎందుకు చెప్పావని బుజ్జిబాబు అడిగాడు.

"మీరంతా నా మాట ఇంటన్నారని."

రెండు దెబ్బలు అతని భుజం మీదా పడ్డాయి. అంతలో పోలీసు జీపు వచ్చింది.

ఆ మనిషి పేరు లూకా అని ఆసుపత్రిలో తెలిసింది. గణపతిరావు చూడటానికి వెళ్తే, చేతికి కట్టుతో ఉన్న లూకా మంచం మీద వెనక్కి జరిగి గోడకి ఒదిగిపోయాడు. గణపతిరావు గుమ్మంలోనే ఆగిపోయాడు. అటునుంచి అటే పోలీస్ స్టేషన్‌కి వెళ్లి జరిగిందంతా రాసిచ్చాడు. కేసు నడుస్తోంది.

పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠావాళ్లు బెదిరించి అతనిచేత మాట మార్పించారని ఊళ్లో కొందరు ఇప్పటికీ నమ్ముతున్నారు. ఆ సందులోకి వెంట్రుకలు కొనేవాళ్లు మళ్లీ రాలేదు.