మిషన్ తప్పు చెప్పదా?

2023 వానాకాలం. సిద్దిపేటలో ఒక ప్రైవేటు క్యాన్సర్ దవాఖానలో మెడికల్ ఫిజిసిస్టుగా పనిచేస్తున్నాను. పెట్ స్కాన్ యంత్రం చూపే అంకెలు నిజమో కాదో పరీక్షించి సంతకం పెట్టడం నా పని. రోగికి కొద్దిగా రేడియోధార్మిక మందు ఎక్కించి స్కాన్ తీస్తే, గడ్డ దాన్ని ఎంత పీల్చుకుందో ఒక అంకెగా వస్తుంది. దాన్ని ఎస్‌యూవీ అంటాం. చికిత్స పనిచేస్తే ఆ అంకె తగ్గాలి.

నంగునూరు దగ్గరి గీత కార్మికుడు మల్లయ్యకు మెడలో గడ్డ. కీమో మొదలయ్యాక తీసిన రెండో స్కాన్‌లో అంకె పెద్దగా తగ్గలేదు. మందు మార్చాలన్నారు డాక్టరు. కొత్త మందును ఆ మనిషి తట్టుకోవడం కష్టమే. ఆయన భార్య సాయవ్వ స్కాన్ గది ముందు నన్ను ఆపింది.

"మందు పనిచేస్తలేదంటున్నరు బిడ్డా. గడ్డ చూస్తే చేతికి సగమే తాకుతుంది. ముద్ద మింగుతుండు. గా మిషన్ తప్పు చెప్పదా?"

చెప్పదని అలవాటుగా అనబోయి ఆగిపోయాను. ఆ నెల చేయాల్సిన పరీక్ష చేయనేలేదు. రోగులు ఎక్కువున్నారని మేనేజరు రెండుసార్లు వాయిదా వేయించాడు. నేనూ ఊరుకున్నాను.

మర్నాడు పొద్దున్నే ఫాంటమ్ పెట్టాను. అంటే కొలిచిన స్కాన్ మందు కలిపిన నీళ్లు నింపే ప్లాస్టిక్ డబ్బా. మనిషికి బదులు దాన్ని స్కాన్ చేస్తే అంకె సరిగ్గా ఒకటే రావాలి. ఒకటీ పాయింట్ రెండు వచ్చింది. మళ్లీ తీశాను. అదే.

మధ్యాహ్నానికి కారణం దొరికింది. స్కాన్ మందు కొలిచే గదిలోని కంప్యూటర్ గడియారం అరగంట వెనకుంది. పదిరోజుల కింద కరెంటు పోయి వచ్చినప్పటి నుంచి అంతేనట. ఈ మందు శక్తి రెండు గంటల లోపే సగమైపోతుంది. కాబట్టి మందును అరగంట ముందే కొలిచారనుకుని, ఒంట్లో తక్కువ మిగిలిందని యంత్రం లెక్కకట్టి, గడ్డ అంకెను పెంచి చూపింది.

మేనేజరు గదికి వెళ్లాను.

"గడియారం సరిచేసిన్రు కద మేడం. ఇగ పాత రిపోర్టులు తోడుడెందుకు? దవాఖాన పేరు ఖరాబైతది."

"పదిరోజుల రిపోర్టులన్నీ మళ్ల లెక్కగట్టాలె సార్. గప్పటిదాక నేను సంతకం పెట్ట. సంతకం లేనిది మిషన్ నడవొద్దు."

"మీ నౌకరి చూసుకోండి" అన్నాడు మెత్తగా.

"గదే చూసుకుంటున్న."

రెండు రోజులు యంత్రం ఆగింది. రిపోర్టులన్నీ మళ్లీ రాశాం. చాలామందికి చికిత్స మారాల్సినంత తేడా లేదు. మల్లయ్య రెండో స్కాన్ ఆ పదిరోజుల్లోదే. ఆయనకు ఉంది. గడ్డ అంకె బాగానే తగ్గినట్టు తేలింది. డాక్టరు పాత మందే కొనసాగించారు.

మల్లయ్య వాళ్లకు ఏదో టెక్నికల్ సమస్య అని చెప్పి పంపేయమన్నాడు మేనేజరు. నేను సాయవ్వను కూర్చోబెట్టి చెప్పాను. "తప్పు మాదే అవ్వా. గడియారం ఎవ్వరం చూసుకోలె. చెయ్యాల్సిన పరీక్ష నేను చెయ్యలె."

"మరి మేం అడిగేదాక ఎవ్వలు చూడరా?" అంది సాయవ్వ.



యంత్రం ఎందుకు ఆపారని వారానికి నాకు మెమో వచ్చింది. జవాబుగా ఫాంటమ్ అంకెల కాగితం జతచేసి పంపాను. ఆ తర్వాత ఎవరూ ఆ ఊసెత్తలేదు. ఇప్పుడు పరీక్ష రోజున బయట ఎంతమంది కూర్చున్నా యంత్రం ఆపుతాను. ఎందుకు ఆలస్యమని అడిగినవాళ్లకు ఉన్నదే చెబుతాను: మీకు చెప్పబోయే అంకె నిజమో కాదో చూస్తున్నాం.